కింది మూడు అంగుళాలు

పోయిన మంగళవారం పొద్దున ఒక పాత పెళ్ళిఫోటో మరమ్మతుకు వచ్చింది. ఇంటికి రంగులు వేయిస్తుంటే కిందపడి అద్దం పగిలిందట. పద్మారావు నగర్‌లో నేను ఫ్రేముల దుకాణం పెట్టి ఇరవై ఏళ్ళు దాటింది. నేను కట్టిన ఫ్రేమును నా చేయి గుర్తుపడుతుంది. వెనక అట్టకు మేకులు కొట్టిన వరస చూసి నాదేననుకున్నాను. మేకులు ఊడదీసి అట్ట లేపాను. అట్టకూ ఫోటోకూ మధ్య, వదులు లేకుండా దూర్చిన మందపాటి కాగితం ముక్క ఒకటి బోర్లా ఉంది. దాన్ని తిప్పాను.

రెండు కాళ్ళు. గచ్చు మీద పక్కపక్కన పెట్టిన రెండు ముసలి కాళ్ళు, వాటి మీదికి పంచె అంచు. ఎడమ కాలి బొటనవేలు పక్కకు వంగి ఉంది, దాని గోరు నల్లగా ఉంది. పక్కన ఒక ప్లాస్టిక్ మగ్గు, రాలిన శంఖుపూలు రెండు.

"ఏమైందన్నా, ఫోటో సుత ఖరాబైందా?" అని అడిగింది ఫోటో తెచ్చిన ఆమె.

"లేదమ్మా, ఫోటో మంచిగుంది. రేపు రండి" అన్నాను.

ఆ ముక్కను ఎవరి ఫోటో వెనక పెట్టానో మరచిపోయాను గానీ, పెట్టిన సంగతి ఎన్నడూ మరచిపోలేదు. ఆ కాళ్ళు వేసింది నేను అక్క అని పిలిచిన ఒక పెద్దామె. కోసింది నేను. ఆమె పోయి రెండేళ్ళయింది.

ఆమె పేరు రాయను. తన బొమ్మల మీద కూడా ఆమె ఎక్కడా పేరు వేసుకోలేదు. అడిగితే, "పూలు నావా ఏంది, పేరు పెట్టుకోనీకె" అనేది.

మా దుకాణం వెనక వీధిలో ఒక పాత ఇంటి కింది వాటాలో అన్నతో కలిసి అద్దెకుండేది. ఆమె పెళ్ళి చేసుకోలేదు. అన్నకు భార్య ఎప్పుడో పోయింది, పిల్లలు లేరు. ఆయన రైల్వే వర్క్‌షాపులో చేసి రిటైరయ్యాడు. ఆమె సర్కారు మ్యాపుల ఆఫీసులో ట్రేసరు. ఇంజనీర్లు గీసిన గీతల మీద పల్చటి కాగితం పరిచి, మళ్ళీ అవే గీతలు తప్పు పోకుండా గీయడం ఆ ఉద్యోగం. "ముప్పై ఏండ్లు ఒకల గీత మీద గీత గీసిన తమ్మీ. ఇగ నా గీత నేను గీసుకుంట" అని, రిటైరైన మర్నాడే రంగులు కొనుక్కొచ్చిందట. మొదటిసారి నా దుకాణానికి వచ్చినప్పుడు నేను "మేడం" అన్నాను. "ఆ మేడంను ఆఫీసులనే ఇడిసొచ్చిన. అక్క అను" అంది.

తోట అంటే పెద్దదేం కాదు. గేటుకూ గడపకూ నడుమ నాలుగడుగుల జాగా. పెయింటు డబ్బాల్లో కనకాంబరాలు, పిడి విరిగిన ప్రెషర్ కుక్కర్‌లో గడ్డిగులాబీలు, నల్లా పక్కన నేలలో నందివర్ధనం, గోడ మీదికి ఎగబాకిన శంఖుపూల తీగ. బొమ్మల కోసం ఆమె అంతకన్నా దూరం పోలేదు. పొద్దున నీళ్ళు పట్టుకోవడం అయ్యాక, తడి గచ్చు మీద పీట వేసుకుని కూర్చునేది. బియ్యం చెరిగే చేట తిరగేసి ఒళ్ళో పెట్టుకుంటే అదే ఆమెకు బల్ల. రంగు కలిపి ముందు ఎడమచేతి బొటనగోరు మీద ఒక చుక్క పెట్టి చూసుకునేది. ఆ గోరు ఎన్నడూ శుభ్రంగా ఉండేది కాదు. పాల ప్యాకెట్‌కు పోతూ నా ముందు నుంచి వెళ్తే, గోరు చూసి ఆ వేళ ఆమె ఇంట్లో ఏం పూసిందో చెప్పేవాణ్ణి. నీలమైతే శంఖుపూలు. నారింజ అయితే కనకాంబరాలు. గోరు తెల్లగా ఉంటే నందివర్ధనం అన్నానొకసారి. "కాదు, ఇయ్యాల రంగులు అయిపోయినయ్" అంది.

పువ్వును కోసి బల్ల మీద పెట్టుకుని వేయడం ఆమెకు గిట్టదు. కొమ్మ మీద ఉన్నది ఉన్నట్టే వేయాలి. బొమ్మ అయ్యేదాకా ఆ పువ్వును ఎవరూ ముట్టకూడదు. దీనితో ఇంట్లో రోజూ పంచాయితీ. అన్న స్నానం చేసి, పూల సజ్జ పట్టుకుని ఆమె వెనకే నిలబడేవాడు.

"చెల్లె, దేవుడు ఎదురుచూస్తుండు."

"చూడనీ. ఇది పూసేదాంక నేను చూడలేదా?"

"గా ఒక్క పువ్వు ఇడిసిపెట్టి తక్కినయ్ కోసుకుంట."

"తక్కినయ్ సుత బొమ్మల ఉన్నయన్నా. కూసో నువ్వు."

ఆయన కూర్చునేవాడు. తీగ కింద ఒక ఇనుప కుర్చీ ఉండేది. అందులో కూర్చుని, చెప్పులు విడిచి, కాళ్ళు గచ్చు మీద చల్లగా పెట్టుకుని, పేపరు ముఖానికి అడ్డం పెట్టుకుని చదివేవాడు. వర్క్‌షాపులో ఇనప పలక పడి ఆయన ఎడమ బొటనవేలు నలిగింది. అది మళ్ళీ సరిగ్గా రాలేదు. "మిగిలిన నాలుగు వేళ్ళు నేను పొయ్యే దిక్కు పోతయ్, ఇదొక్కటి మా చెల్లె దిక్కు చూస్తది" అనేవాడు.

ఆయనకు ఫోటో అంటే పడదు. ఉద్యోగంలో చేరిన రోజు తీసిన గుర్తింపుకార్డు ఫోటోలో కళ్ళు మూతపడ్డాయట. మార్చమంటే ఎవరూ మార్చలేదు. "సర్వీసంత నిద్రపోతనే చేసిన" అని నవ్వేవాడు గానీ, ఆ తర్వాత ఎవరు కెమెరా ఎత్తినా లేచి లోపలికి పోయేవాడు. చెల్లెలు తన ముఖం వేస్తానన్నా ఒప్పుకోలేదు. "మొఖమెందుకు? అన్ని పూలున్నయ్, కొట్లాడకుండ నిలవడ్డయ్. అవి వేసుకో" అన్నాడట.

ఆమె బొమ్మల్లో పువ్వు ఎప్పుడూ ఒంటరిగా ఉండేది కాదు. నందివర్ధనం పక్కన, కారకుండా గుడ్డ పేలిక చుట్టిన నల్లా ఉండేది. గడ్డిగులాబీల వెనక గ్యాస్ సిలిండరు. కనకాంబరాల మీదుగా కరెంటు మీటరు డబ్బా. "పువ్వొక్కటే వేస్తే క్యాలెండర్ అయితది తమ్మీ. ఆ పువ్వు ఏడ ఉన్నదో అది సుత వెయ్యాలె" అనేది. ఎవరి వస్తువు బొమ్మలో పడితే ఆ బొమ్మ వాళ్ళకే ఇచ్చేది, నా దగ్గర ఫ్రేము కట్టించి మరీ. గోడ అవతల నిలిపే ఇస్త్రీ బండి చక్రం ఒకసారి గేటు సందులోంచి బొమ్మలోకి వచ్చింది. దాన్ని ఇస్త్రీ అతనికి ఇస్తే, "అక్కా, బండిని వేసినవ్ గని నన్ను వెయ్యలేదేంది?" అన్నాడు. "నువ్వు ఒక్కతాన నిలవడుతవా?" అంది. ఆ బొమ్మ ఇప్పటికీ వాళ్ళింట్లో టీవీ పైన ఉంది.

నా దుకాణంలో ఆమె చూసేది దేవుళ్ళ పటాలను కాదు. జనం ఫ్రేము కట్టమని ఇచ్చి, తీసుకుపోవడం మరచిన ఫోటోలు ఒక మూల పేర్చి ఉంటాయి. వచ్చినప్పుడల్లా వాటిని ఒక్కొక్కటే ముందుకు వాల్చి చూసేది. పట్టుచీర కట్టుకుని మల్లెపూల జడ ముందుకేసుకున్న ఒక అమ్మాయి ఫోటో ఏళ్ళుగా ఉండిపోయింది. "ఈ పిల్ల ఇంక ఇంటికి పోలేదా?" అని అడిగేది, నేనే పోనివ్వనట్టు.

ఎనిమిదేళ్ళ కిందటి వేసవిలో ఆమె అన్న పోయాడు. గుండెపోటు. ఐదారు రోజుల తర్వాత ఒక మధ్యాహ్నం ఆమె కాగితం చుట్టగా చుట్టుకుని దుకాణానికి వచ్చింది. పెళ్ళిళ్ళ రోజులు. నా ముందు ఫోటోలు గుట్టగా పడి ఉన్నాయి. ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని మాట్లాడుతున్నాను.

"తమ్మీ, దినాలకు కావాలె. పదకొండో రోజు గోడకు పెట్టాలె" అంది.

మా పనిలో ఈ మాట అందరం ఎరుగుదుం. దినాలకు కావాలంటే పెళ్ళిళ్ళైనా ఆపి కట్టాలి. కానీ దినాల ఫ్రేములో ముఖం ఉంటుంది. నేను విప్పి చూస్తే శంఖుపూల తీగ ఉంది, గుబురు ఆకుల సందుల్లో కుర్చీ కొంచెం.

"ఫోటో కాదా అక్కా?"

"ఫోటో ఏడుంది. ఇదే అన్న. జెర నిమ్మలంగ చెయ్యి."

దుఃఖంలో ఏదో అంటోందనుకున్నాను. "ఐతది అక్కా, నువ్వు పో" అన్నాను. ఫోను కింద పెట్టలేదు.

ఆమె తెచ్చిన కాగితం పన్నెండు బై పద్దెనిమిది. ఆ సైజు ఫ్రేములు అయిపోయాయి. కొత్తది కట్టాలంటే చెక్కపట్టీ కోసి, మూలలు కలిపి, జిగురు ఆరేదాకా ఆగాలి. పన్నెండు బై పదిహేనుది తయారుగా ఒకటి గోడకు ఆనించి ఉంది. స్కేలు పెట్టి, బ్లేడుతో కింది మూడు అంగుళాలు కోసేశాను. పూలన్నీ పైనే ఉన్నాయి కదా అనుకున్నాను.

కాళ్ళు చూడలేదని ఇన్నేళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. అది నిజం కాదు. చూశాను. పూల బొమ్మకు కింద కాళ్ళెందుకు, అసలు పని పూర్తి కాలేదేమో అనుకుని కోశాను. దేవుడి పాదాల పటాలకు వెతికి వెతికి ఇత్తడి అంచు పట్టీలు వేసేవాణ్ణి నేను.

మూడో రోజు ఆమె వచ్చింది. ఫ్రేము చేతికిచ్చాను. చూసింది. తలెత్తి నన్ను చూసింది. మళ్ళీ కిందికి చూసింది. ఫ్రేము కింది అంచు మీద బొటనవేలు పెట్టి, ఈ చివర నుంచి ఆ చివరకు మెల్లగా జరిపింది. అప్పుడు నాకు అర్థమైంది, "ఇదే అన్న" అని ఆమె అన్నదేమిటో.

అప్పుడు తప్పయిందని ఒక్క మాట అంటే సరిపోయేది. నా నోట్లోంచి వచ్చింది మరొకటి. "కింద తడి తగిలింది అక్కా. రంగు కారి మొత్తం పాడైంది. తీసెయ్యాల్సి వచ్చె" అన్నాను.

వేసవి. నా దుకాణంలో తాగే నీళ్ళ సీసా తప్ప తడి లేదు. ఆమె బల్ల వైపు చూసింది, నేల వైపు చూసింది.

"ఆ ముక్క ఉన్నదా?" అని అడిగింది.

ఆ ముక్క అప్పుడు నా బల్ల కిందే, చెత్త కాగితాల డబ్బాలో ఉంది. నా మోకాలికి తగిలేంత దగ్గర. వంగి తీసిస్తే పొడిగా, చుక్క రంగు చెదరకుండా ఉండేది. అబద్ధం బయటపడేది.

"పారేసిన అక్కా" అన్నాను.

"అట్లనా" అంది. ఫ్రేమును కొంగుతో తుడిచి, చంకలో పెట్టుకుని వెళ్ళిపోయింది.

పదకొండో రోజు భోజనానికి నేనూ వెళ్ళాను. ముందుగదిలో, కిటికీకి ఎదురుగా, పూలదండ వేసి ఆ బొమ్మ ఉంది. చుట్టాల్లో ఒక పెద్దాయన వచ్చి, "ఫోటో ఏది బిడ్డా?" అన్నాడు.

"గదే."

"పూలు గద."

"ఆ పూల కాడ కూసుంటుండె" అంది. ఆయనకు అర్థం కాలేదు. ఇస్త్రీ అతను నా పక్కనే కూర్చుని తింటున్నాడు. "కింద కాళ్ళుండె గదన్నా ఆ బొమ్మకు? అక్క వేస్తుంటే నేను గోడ మీదికెంచి చూసిన" అన్నాడు నాతో. తడి తగిలి పాడైందని అతనికీ చెప్పాను. ఆమె వడ్డిస్తూ మా ముందే ఉంది. విన్నది. నా విస్తట్లో ఇంకో గరిటె పప్పు వేసింది.

కొన్నాళ్ళకు ఆ ముక్క డబ్బాలో మళ్ళీ కంటబడింది. ఊడ్చి పారేయడానికి చేయి రాలేదు. తీసుకెళ్ళి ఇచ్చే ధైర్యం లేదు. ఒక పెళ్ళిఫోటో వెనక బోర్లా పెట్టి, అట్ట మూసి, మేకులు కొట్టేశాను. ఆ ఫోటో మర్నాడే వెళ్ళిపోయింది.

ఆమె నా దుకాణానికి రావడం మానలేదు. మానితే నాకు కొంత తేలికగా ఉండేదేమో. రెండు నెలల తర్వాత కొత్త బొమ్మ తెచ్చింది. కుక్కర్‌లోని గడ్డిగులాబీలు. విప్పి చూస్తే కింద మూడు అంగుళాలు ఏమీ వేయకుండా వదిలేసి ఉంది. పెన్సిలుతో అడ్డంగా తిన్నటి ఒక గీత, దాని కింద ఉత్త కాగితం.

"కింద ఖాళీగ ఉన్నదేంది అక్కా?"

"నీ బ్లేడుకు" అంది.

నవ్వలేదు. కోపంగానూ అనలేదు. ఇంటికి వచ్చినవాడికి పీట చూపించినట్టు అంది. అప్పటి నుంచి ఆమె వేసిన ప్రతి బొమ్మకూ కింద ఆ తెల్ల జాగా ఉంది. నేను ఒక్కటీ కోయలేదు. అన్నీ ఆ ఖాళీతోనే ఫ్రేము కట్టాను. మా వీధుల్లో ఇవాళ ఏ ఇంట్లో ఆమె బొమ్మ ఉన్నా కింద ఆ తెల్ల పట్టీ కనిపిస్తుంది. ఆమె పద్ధతి అది అనుకుంటారు చూసినవాళ్ళు. "గొప్ప పనితనం గా ఖాళీలనే ఉంటది" అని ఒకాయన నాకే వివరించాడు.

రెండేళ్ళ కిందట ఆమె ఉండే ఇంటిని యజమాని బిల్డరుకు ఇచ్చాడు. ఆమె సైనిక్‌పురిలో పినతల్లి కూతురి దగ్గరికి పోవాల్సి వచ్చింది. డబ్బాల్లోని మొక్కలన్నీ వీధిలో తలా ఒకటి పంచింది. కుక్కర్ నాకు ఇచ్చింది. మొదటి ఎండలకే నేను నీళ్ళు పోయడం మరచి అది ఎండిపోయింది. అది కూడా ఇక్కడ రాయాలి.

వెళ్ళేముందు రోజు ఆ శంఖుపూల బొమ్మ పాత చీరలో చుట్టి తెచ్చింది.

"ఇది నీ కాడ ఉండనీ తమ్మీ. ఆడ కొత్త గోడలట. మొల కొట్టనియ్యరట" అంది.

"నువ్వు ఎప్పుడంటే అప్పుడు తెచ్చిస్త అక్కా."

ఆమె మూలన ఉన్న ఫోటోలను ఒకసారి ముందుకు వాల్చి చూసింది. మల్లెపూల జడ అమ్మాయి అక్కడే ఉంది. ఆ ఫోటోను మళ్ళీ వెనక్కు ఆనించింది. గడప దగ్గర ఆగి తిరిగి చూసింది.

"ఇంకేమన్న ఉన్నదా, చెప్పేది?"

ఆమె బొటనగోరు శుభ్రంగా ఉంది. అంత శుభ్రంగా నేనెప్పుడూ చూడలేదు. ఆమె తొందరపడలేదు. రోడ్డు మీద రెండు ఆటోలు పోయేంతసేపు అలాగే నిలబడింది.

"ఏం లేదక్కా. చాయ్ తాగుతవా?" అన్నాను.

"ఒద్దు" అని మెట్టు దిగింది.

మూడు నెలల తర్వాత ఇస్త్రీ అతను చెప్పాడు, పోయిందని. అప్పటికి దినాలు కూడా అయిపోయాయి. అక్కడ ఆమెకు ఏం ఫ్రేము పెట్టారో నాకు తెలియదు. చీరలో చుట్టిన బొమ్మను నేను అటక మీద పెట్టాను. రెండేళ్ళు దించలేదు.

మంగళవారం దించాను.

చీర విప్పి, అద్దం తీసి, బొమ్మను బల్ల మీద పరిచి, కింద ఆ ముక్కను చేర్చాను. తీగ గీత తీగకు కలిసింది. కుర్చీ కాలు కుర్చీకి కలిసింది. రంగు కలవలేదు. ఆరేళ్ళు కిటికీ వెలుగులో ఉండి పైబొమ్మ వెలిసిపోయింది. శంఖుపూలు బూడిదరంగుకు వచ్చాయి. చీకట్లో దాగిన ముక్క మాత్రం ఆమె వేసిన రోజు ఎట్లా ఉందో అట్లాగే ఉంది. రాలిన రెండు పూలు ముదురు నీలం. పైన గచ్చు పాలిపోయి, కింద గచ్చు నల్లగా, అప్పుడే ఎవరో నీళ్ళు చల్లినట్టు ఉంది. కింద తడి తగిలిందని ఆ రోజు నేనన్న మాటను ఆ బొమ్మ ఇప్పుడు నాకు చూపిస్తున్నట్టు అనిపించింది.

అతుకు కనబడకుండా మీద సన్నటి అట్టపట్టీ వేయవచ్చు. ఆ పని నాకు బాగా వచ్చు. వేయలేదు. కొత్త చెక్కపట్టీ కోసి, మూలలు కలిపి, జిగురు ఆరేదాకా రెండు రోజులు ఆగాను. గురువారం సాయంత్రం అద్దం, బొమ్మ పెట్టి, వెనక ప్రస్తుతానికి టేపు అంటించి గోడకు ఆనించాను.

ఇస్త్రీ అతను బట్టల మూట భుజాన వేసుకుని పోతూ ఆగాడు. మూట దించి లోపలికి వచ్చాడు. వంగి చూశాడు.

"పెద్దసారు కాళ్ళు గద. బొటనవేలు చూడు, అక్క దిక్కు చూస్తుంది." నడుము ఎత్తి, "తడి తగిలి పాడైందంటివి గదన్నా?" అన్నాడు.

"పాడు కాలె. తడి తగలలె. నేనే కోసిన. ముక్క ఉన్నదా అని అక్క అడిగితే లేదన్న. ఈడనే ఉండె."

గట్టిగా ఆ మాట నేను అనడం అదే మొదలు. అతను నన్ను చూడలేదు. బొమ్మనే చూస్తూ నిలబడ్డాడు.

"అక్క ఉన్నప్పుడే చెప్తే ఐపోతుండె" అన్నాడు. మూట ఎత్తుకుని, "బొగ్గులు సల్లారుతయ్" అని వెళ్ళిపోయాడు.

ఫ్రేము వెనక అట్ట మీద ఎవరిదో, ఏ సైజో పెన్సిలుతో రాయడం మా దుకాణంలో అలవాటు. పాత ఫ్రేములోంచి తీసిన అట్టను తిప్పితే, దాని మీద నా రాత ఉంది: పన్నెండు బై పదిహేను. ఆ అట్ట పక్కన పడేసి కొత్తది కోశాను. మేకులు కొట్టి, పెన్సిలు తీసి, ఆమె తెచ్చిన సైజు రాశాను. పన్నెండు బై పద్దెనిమిది.